కర్ణుడి కష్టాలకి ద్రౌపదెందుకు బిల్లు కట్టాలి?

"పాపం, వాడలా తయారవడానికి వెనక పెద్ద కథే ఉంది."

ఫాంటసీ ఆటలు ఆడేవాళ్ళ మధ్య ఓ పావుగంట కూర్చోండి, ఈ మాట కనీసం రెండుసార్లు వినబడుతుంది. వార్‌క్రాఫ్ట్ 3 (2002)లో యువరాజు ఆర్థస్ స్ట్రాథోమ్ నగరంలో సొంత ప్రజల్నే నరికి పోగులు పెట్టాడు. "పాపం, ఊరికి తెగులు పట్టింది, కుర్రాడేం చేస్తాడు!" ఫైనల్ ఫాంటసీ 7 (1997)లో సెఫిరోత్ నిబెల్‌హైమ్ అనే పల్లెని తగలబెట్టాడు. "పాపం, తన పుట్టుకే ఒక ప్రయోగమని అప్పుడే తెలిసింది!" వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో సిల్వానస్ 2018లో టెల్‌డ్రాసిల్ అనే మహావృక్షాన్ని, దాని మీద కాపురమున్న జనంతో సహా కాల్చేసింది. "పాపం, ఆమెని చంపి ప్రేతంగా మార్చింది ఆ ఆర్థసే కదా!"

పాపం, పాపం, పాపం. తగలబడ్డ ఊళ్ళోవాళ్ళ దగ్గరికొచ్చేసరికి ఒక్క "పాపం" కూడా మిగలదు.

కష్టాలు పడ్డ విలన్ అసలు ఉండకూడదని నేననట్లేదు. వాడెందుకలా అయ్యాడో చెప్పకపోతే వాడు అట్టబొమ్మ, కథ సగం చచ్చినట్టే. నా పేచీ అంతా తరవాతి మెట్టు గురించి. "ఎందుకు చేశాడు" అన్నదానికి జవాబు దొరకగానే "అయితే తప్పులేదులే" అని కేసు కొట్టేస్తారు చూడండి, అక్కడ నాకు ఒళ్ళు మండుతుంది.

ఇదేదో వీడియో గేములతో వచ్చిన జబ్బనుకునేరు. ఈ సబ్జెక్టులో మన కృష్ణా జిల్లా వాళ్ళం ఎప్పుడో పీహెచ్‌డీ చేసేశాం.

*

పామర్రు పక్కన నిమ్మకూరు. (2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు ఎన్టీఆర్ పేరు విజయవాడ ఉన్న జిల్లాకి వెళ్ళింది, ఆయన పుట్టిన నిమ్మకూరు మాత్రం కృష్ణాలోనే ఉండిపోయింది. సరే, అది వేరే గోల.) ఆ ఊరాయన నిర్మాత, దర్శకుడు తానే అయి, కర్ణుడు, దుర్యోధనుడు, కృష్ణుడు మూడు వేషాలూ తానే వేసి తీసిన 'దాన వీర శూర కర్ణ' 1977 జనవరి 14న సంక్రాంతికి వచ్చింది. మాటలు కొండవీటి వెంకటకవి. భీముడు మన గుడివాడ వైపు కవుతరం ఆయనే, కైకాల సత్యనారాయణ. అస్త్రవిద్యా ప్రదర్శనలో కులం గురించి దుర్యోధనుడు దులిపేసే ఆ పెద్ద డైలాగు, మయసభలో అవమానం పొంది రగిలిపోయే ఇంకో డైలాగు, ఈ రెండూ స్కూలు వార్షికోత్సవాల్లో అప్పచెప్పని కుర్రాడు మా వైపు అరుదు.

సినిమా మీద నాకే కంప్లయింటూ లేదు. ఈరోజుకీ టీవీలో వస్తే ఛానెల్ మార్చను. కానీ ఆ సినిమా చూసి పెరిగిన మూడు తరాల వాదన ఒకటుంది. "దుర్యోధనుడు మంచోడేనండీ, మయసభలో ద్రౌపది నవ్వింది కాబట్టి అలా చేశాడు. కర్ణుడు దేవుడండీ, సూతపుత్రుడని అవమానిస్తే ఎవరికి మాత్రం కడుపు మండదు?"

రండి, ఈ వాదనని కొంచెం డీబగ్ చేద్దాం.

ముందు దుర్యోధనుడి లాగ్ తీయండి. తేదీల వరస ముఖ్యం. చిన్నప్పుడే ప్రమాణకోటి దగ్గర భీముడికి విషం పెట్టి, తీగలతో కట్టి గంగలోకి తోయించాడు. తరవాత వారణావతంలో లక్క ఇల్లు కట్టించి, తల్లితో సహా అయిదుగురినీ తగలబెట్టించబోయాడు. ఇవి రెండూ అయ్యాకే ద్రౌపదీ స్వయంవరం, ఆ తరవాత ఇంద్రప్రస్థం, ఆ తరవాత రాజసూయం, అప్పుడు మయసభ. విషం పెట్టిన రోజుకి ద్రౌపది ఎవరో కూడా వీళ్ళకి తెలీదు. మొన్న పెట్టిన బగ్గుకి నిన్నటి కోడే కారణమని ఎవడైనా అంటే కోడ్ రివ్యూలో ఊరుకుంటామా? రేపటి నవ్వు ఇవాళ్టి విషానికి కారణమంటే మాత్రం తలూపుతాం.

పోనీ, ఆ నవ్వైనా ఎంతవరకు నిజం? పూణేలో భండార్కర్ సంస్థ వాళ్ళు వెయ్యికి పైగా రాతప్రతులు పోల్చి 1966కి పూర్తి చేసిన సంస్కృత భారతం పరిష్కృత ప్రతి ఉంది. అందులో దుర్యోధనుడు నీళ్ళలో పడ్డ చోట నవ్వినవాళ్ళు నౌకర్లు, భీముడు, అర్జునుడు, కవలలు. రాజాజ్ఞ మీద అతనికి పొడిబట్టలు కూడా ఇచ్చారు. ద్రౌపది పేరు ఆ సన్నివేశంలో లేదు. ఆమె పేరు ఎప్పుడొస్తుందంటే, దుర్యోధనుడు ఇంటికెళ్ళి తండ్రి ముందు కుమిలిపోతూ "ద్రౌపది కూడా ఆడవాళ్ళతో కలిసి నవ్వింది" అని చెప్పుకున్నప్పుడు. అంటే ద్రౌపది నవ్విందనడానికి సాక్షి ఎవరయ్యా అంటే, ఫిర్యాదుదారే! ఇక "గుడ్డివాడి కొడుకు గుడ్డివాడే" అని ఆమె అన్నట్టు మనందరికీ తెలిసిన మాట ఆ ప్రతిలో వెతికినా దొరకదు. స్వయంవరంలో "సూతుణ్ణి పెళ్ళాడను" అని కర్ణుణ్ణి తిరస్కరించిన మాటని కూడా ఆ పండితులు మూలంలోంచి తీసి అడుగున పాఠాంతరాల్లో పెట్టారు.

ఇక్కడ ఆగి ఆలోచించండి. తరతరాలుగా కథ చెప్పుకుంటూ వచ్చినవాళ్ళు విలన్‌కి ఒక బాధాకరమైన గతం కావాలనుకున్నారు. దాన్ని ఎక్కణ్ణించి తెచ్చారు? బాధితురాలి ఖాతాలోంచి. ఆమె చెయ్యని తప్పులు ఆమె పేర రాశారు. ఆటల భాషలో చెప్పాలంటే ఇది పాత కథకి తరవాత వేసిన ప్యాచ్. ప్రతి ప్యాచ్‌తోనూ విలన్ కాస్త మంచివాడవుతాడు, బాధితురాలు కాస్త చెడ్డదవుతుంది. పోలీస్ స్టేషన్లో "అసలు ఆ టైములో ఆ అమ్మాయి అక్కడికెందుకెళ్ళింది" అని అడిగే ప్రశ్నకీ దీనికీ చుట్టరికం లేదంటారా?

సరే, నవ్విందనే అనుకుందాం. పగలబడి నవ్విందనే అనుకుందాం. నవ్వుకి శిక్ష నిండుసభలో చీర లాగడమా? ఏ పీనల్ కోడులో ఉందండీ ఈ సెక్షను?

*

శకుని సంగతి ఇంకా బావుంటుంది. మళ్ళీ మన నిమ్మకూరు ఆయనే తీసిన 'శ్రీకృష్ణ పాండవీయం' (1966)లో ధూళిపాళ శకునికి ఒక ఫ్లాష్‌బాక్ ఉంది. గాంధార రాజకుటుంబాన్ని దుర్యోధనుడు చెరలో పెట్టి మాడ్చి చంపాడు, మిగిలిన ఒక్కడు శకుని, తండ్రి ఎముకలతో చేసిన పాచికలతో కౌరవ వంశాన్నే నాశనం చెయ్యడానికి కంకణం కట్టుకున్నాడు. ఇది వ్యాసభారతంలో లేదు, జనం అల్లుకున్న కథ. అల్లిన మహానుభావుడెవరో గానీ అద్భుతమైన బుర్ర. నేటి గేమ్ రైటర్లు కాళ్ళకి దణ్ణం పెట్టాలి.

కానీ లెక్క చూడండి. శకుని పగ దుర్యోధనుడి మీద. ఆ పగ తీర్చుకునే దారిలో ముందు రాజ్యం పోయింది ధర్మరాజుకి, జుట్టు పట్టి ఈడ్చింది ద్రౌపదిని, అడివికి పోయింది పాండవులు. దుర్యోధనుడు ఇంకో పదమూడేళ్ళు హాయిగా సింహాసనం మీదున్నాడు. బాకీ ఒకడిది, వసూలు ఇంకోళ్ళ దగ్గర. కష్టాల గతమున్న విలన్లలో నూటికి తొంభైమంది వ్యవహారం ఇంతే, గమనించండి. సిల్వానస్‌ని చంపింది ఆర్థస్. ఆమె కాల్చిన చెట్టు మీద ఆర్థస్ లేడు. సెఫిరోత్‌ని ప్రయోగశాలలో తయారుచేసింది ఒక కంపెనీ. కాలిపోయింది ఆ పల్లెలో క్లౌడ్ వాళ్ళమ్మ.

అన్నట్టు ఆ క్లౌడ్‌ని కూడా అదే కంపెనీవాళ్ళు పట్టుకుపోయి అవే ప్రయోగాలు చేశారు. అతను ఏ ఊరూ తగలబెట్టలేదు. ఇన్‌పుట్ ఒకటే, అవుట్‌పుట్ వేరు. అలాంటప్పుడు నేరమంతా ఇన్‌పుట్‌దే అని ఎలా అంటాం?

*

ఇప్పుడు అసలు కష్టమైన కేసు, కర్ణుడు. ఇతనికి జరిగిన అన్యాయం ఎవరూ కల్పించింది కాదు. పుట్టగానే ఏట్లో వదిలేశారు. నిండు ప్రదర్శనలో కులం అడిగి తలొంచుకునేలా చేశారు. భీముడు "కొరడా పుచ్చుకో పో" అన్నట్టుగా మాట్లాడాడు. ఇది పుట్టుకని బట్టి మనిషిని తొక్కెయ్యడమే, దానికి సమర్థన లేదు. భీముడిది తప్పు, కృపుడిది తప్పు, ఊరుకున్న పెద్దలందరిదీ తప్పు.

ఇంతవరకూ నేను కర్ణుడి లాయర్నే.

కానీ జూదం జరిగిన సభలో ఏమైంది? దుర్యోధనుడి సొంత తమ్ముడు వికర్ణుడు లేచి ఇది అధర్మమన్నాడు. అతణ్ణి "నీకేం తెలుసు, పిల్లకాకివి" అని కూర్చోబెట్టింది కర్ణుడు. అయిదుగురు భర్తలున్నది కులస్త్రీ కాదన్నది కర్ణుడు. పాండవుల బట్టలూ, ద్రౌపది బట్టలూ ఊడదియ్యమని దుశ్శాసనుడికి చెప్పింది కర్ణుడు. ఆ నిమిషంలో అతను సూతపుత్రుడు కాదు, అంగరాజు. అధికారం వైపు కూర్చుని ఉన్నాడు. ఎదురుగా ఉన్నది ఒంటరి ఆడది, "నన్నోడి తన్నోడెనా, తన్నోడి నన్నోడెనా" అన్న ఆమె ప్రశ్నకి ఆ సభలో పెద్దవాళ్ళెవరూ సూటిగా జవాబు చెప్పలేదు.

అదే సభలో ఇంకో మనిషున్నాడు. దాసి కడుపున పుట్టినందుకు, అన్ని అర్హతలూ ఉండి కూడా సింహాసనానికి దూరంగా ఉండిపోయినవాడు. దుర్యోధనుడు మొహం మీదే తిట్టినా లేచి, ఇది కులనాశనం, ఆపండి అన్నవాడు. విదురుడు. పుట్టుక వల్ల అవమానమే కర్ణుడి క్రూరత్వానికి సంజాయిషీ అయితే విదురుడికేం చెబుతాం? "నువ్వు పడ్డది చాల్లేదు బాబూ" అనా? అవమానం పడ్డవాడు క్రూరుడవడం సహజమే అన్నామంటే, అవమానం పడి కూడా మనిషిగా మిగిలినవాళ్ళందర్నీ వెర్రివాళ్ళ కింద జమకట్టినట్టే.

ఇంతకీ ఈ సంజాయిషీ కర్ణుడు వాడుకున్నాడా? ఉద్యోగపర్వంలో కృష్ణుడు వచ్చి అతని పుట్టుక రహస్యం చెబుతాడు. "నాకింత అన్యాయం జరిగింది, అందుకే అలా మాట్లాడా" అనడానికి అంతకన్నా మంచి టైము ఉండదు. కర్ణుడు అనలేదు. దుర్యోధనుణ్ణి మెప్పించడానికి పాండవుల్ని పరుషంగా మాట్లాడాననీ, దానికి ఇప్పుడు కుమిలిపోతున్నాననీ చెప్పాడు. కర్ణుడు గొప్పవాడు అనడానికి నాకు అన్నిటికంటే పెద్ద సాక్ష్యం అదే. కవచకుండలాలు ఇచ్చిన చోటుకంటే కూడా. తన తప్పుని తన ఖాతాలో రాసుకున్నాడు. మనం అభిమానం పేరుతో ఆ ఒక్క గొప్పతనాన్నీ అతని దగ్గర్నించి లాగేసి, "నీకేం తెలీదు కర్ణా, నువ్వు పరిస్థితుల చేతిలో బొమ్మవి" అంటున్నాం. ఇది అభిమానమా?

*

"కులవివక్ష గురించి మాట్లాడితే మీలాంటోళ్ళకి నచ్చదు" అని ఒకరు తయారవుతారని తెలుసు. ఆ వాదనకి సరైన దారి చూపించినాయన కూడా గుడివాడ దగ్గరవాడే. అంగలూరులో 1887లో పుట్టిన త్రిపురనేని రామస్వామి చౌదరి. డబ్లిన్ వెళ్ళి లా చదివినాయన. 'కురుక్షేత్ర సంగ్రామం' నాటకంలో రాజ్యం మీద పాండవులకి హక్కే లేదనీ, న్యాయం కౌరవులదనీ వాదించాడు. 'శంబుక వధ' రాశాడు. ఆయనతో ఒప్పుకుంటామా లేదా వేరే సంగతి. కానీ తేడా గమనించండి. ఆయన దుర్యోధనుడి మీద జాలి పడమని అడుక్కోలేదు. హక్కు ఎవరిది, చట్టమేమంటుంది అని కేసు వాదించాడు. అలా వాదిస్తే తిరిగి వాదించొచ్చు. "పాపం" అన్నాక వాదించడానికేముంది?

ఇంకో మాట కూడా చెప్పాలి, లేకపోతే నేను పాండవ పక్షపాతినంటారు. లక్క ఇంటికి నిప్పు పెట్టి పాండవులు తప్పించుకున్న రాత్రి ఆ ఇంట్లో ఒక నిషాద స్త్రీ, ఆమె అయిదుగురు కొడుకులూ నిద్దట్లో కాలిపోయారు. ఆ శవాలు చూసే జనం పాండవులు చచ్చారనుకున్నారు. పాండవుల మీద హత్యాప్రయత్నం జరిగింది, నిజం. అయినా ఆ ఆరుగురి ప్రాణాలకి అది సమాధానం కాదు. రూలు పెడితే హీరోలకీ అదే రూలు.

*

1977 అన్నాను కదా. ఆ సంక్రాంతికి దాన వీర శూర కర్ణ వస్తే, అదే ఏడాది నవంబరు 19న దివిసీమ మీదికి ఉప్పెన వచ్చింది. పదివేలమందికి పైగా పోయారు. నాగాయలంక వైపు సొర్లగొంది లాంటి ఊళ్ళలో ఇంటికి ఒక్కరు మిగిలినా అదృష్టమే. బిడ్డల్ని చేతిలోంచి నీళ్ళు లాక్కుపోయినవాళ్ళు, చెట్టు కొమ్మ పట్టుకుని తెల్లార్లూ వేలాడి పొద్దున దిగేసరికి ఊరే కనబడనివాళ్ళు. గతం విషాదమైతే మనిషి విలన్ అవుతాడన్నది సూత్రమైతే, దివిసీమ ఈ పాటికి రాక్షసులతో నిండిపోవాలి. ఏమైందక్కడ? శవాలు తీశారు, ఉప్పు తేలిన పొలాలు మళ్ళీ సాగుకి తెచ్చుకున్నారు, మళ్ళీ పెళ్ళిళ్ళు చేసుకున్నారు, పిల్లల్ని చదివించారు. వాళ్ళ పిల్లలూ మనవలూ మన ఆఫీసుల్లో పక్క క్యూబికల్లో ఉన్నారు, మనకి తెలీను కూడా తెలీదు. అందరూ దేవుళ్ళయ్యారని అనట్లేదు. మామూలు మనుషుల్లానే ఉన్నారంటున్నా. విషాదం పడ్డ మనిషి సాధారణంగా చేసేది అదే. ఊరు తగలబెట్టడం సాధారణం కాదు.

"ఆటల గురించి, సినిమాల గురించి ఇంత రాద్ధాంతమా" అంటారా? ఈ "పాపం" ఆటలతో ఆగితే నేనీ టపా రాయను.

ఇంజినీరింగ్ చదివిన ప్రతివాడికీ తెలుసు, ర్యాగింగ్ చేసే సీనియర్ చెప్పే ఒకే ఒక్క కారణం: "మమ్మల్ని ఇంతకంటే ఎక్కువ చేశారు." ఎవరు చేశారో వాళ్ళు పాసైపోయారు. బాకీ మాత్రం కొత్తగా వచ్చిన పద్ధెనిమిదేళ్ళ పిల్లాడు తీర్చాలి. మన రాష్ట్రంలో 1997లోనే ర్యాగింగ్ నిషేధ చట్టం చెయ్యాల్సొచ్చిందంటే ఈ గొలుసు ఎంత పొడుగో అర్థం చేసుకోండి. అలాంటి సీనియరే తరవాత టీమ్ లీడ్ అవుతాడు. నేను చూసిన ఒకాయన జూనియర్లని అర్ధరాత్రి దాకా కూర్చోబెట్టి అందరి ముందూ తిట్టేవాడు. అడిగితే "నా మొదటి మేనేజరు నన్ను ఏడిపించాడు, అందుకే ఇవాళ ఇక్కడున్నా" అనేవాడు. అది విని టీములో సగంమంది "పాపం" అన్నారు! ఆయన కింద పనిచేసి ఆరోగ్యం పాడుచేసుకుని ఉద్యోగం మానేసిన అమ్మాయిని గురించి ఎవరూ ఏమీ అనలేదు. ఆమె కథ ఎవరికీ తెలీదు మరి, ఆమెకి ఫ్లాష్‌బాక్ తీసినవాడు లేడు.

ఇక ప్రేమించలేదని అమ్మాయి మీద దాడి చేసినవాడి వార్త వస్తే చూడండి. సాయంత్రానికల్లా వాడి పేదరికం, వాడి తల్లి కన్నీళ్ళు, వాడు రాసిన ప్రేమలేఖలు అన్నీ టీవీలో వచ్చేస్తాయి. "అంత ప్రేమించాడు పాపం." చిన్నప్పట్నించీ మనం సినిమా హాల్లోనూ, జాయ్‌స్టిక్ ముందూ ప్రాక్టీసు చేసిన "పాపమే" అది.

*

ప్రొడక్షన్ పడిపోయిందనుకోండి. మర్నాడు కారణాల రిపోర్టు రాస్తాం. ఎవరు ఎంత ఒత్తిడిలో ఉన్నారు, ఏ టెస్టు వదిలేశారు, అన్నీ రాయాలి. రాయకపోతే రేపు మళ్ళీ పడుతుంది. విలన్ గతం కూడా అలాంటి రిపోర్టే. ఇంకో కర్ణుడు తయారవకుండా కులం అడగడం మానెయ్యండి, ఇంకో లీడ్ తయారవకుండా ర్యాగింగ్ ఆపండి, అని చెప్పడానికి అది పనికొస్తుంది. కానీ రిపోర్టు బాగా రాశామని కస్టమర్ డబ్బు పోలేదని అనం కదా! నష్టం నష్టమే.

మరి క్షమించడమే ఉండదా అంటే, ఉంది. ఎలా ఉండాలో భాగవతంలో ఉంది. అశ్వత్థామది కూడా జాలిపడదగ్గ గతమే. చిన్నప్పుడు పాలు కొనే స్తోమత లేక పిండి కలిపిన నీళ్ళు తాగి పెరిగాడు. యుద్ధంలో తండ్రిని అబద్ధం చెప్పి చంపారు. యుద్ధం చివరి రోజు రాత్రి అతను శిబిరంలో దూరి, నిద్రపోతున్న ద్రౌపది అయిదుగురు కొడుకుల్నీ చంపాడు. అర్జునుడు కట్టేసి తీసుకొచ్చి ఆమె ముందు పడేశాడు. వదిలెయ్యమంది ద్రౌపది. గురుపుత్రుడన్నది, నాలాగే వీళ్ళమ్మ ఏడవకూడదన్నది. వీడు చేసింది తప్పు కాదని మాత్రం అనలేదు. అతని తలమీది మణి కోసి, వెళ్ళగొట్టారు.

చూశారా, క్షమించింది ఎవరు? నష్టపోయిన మనిషి. బాల్కనీలో కూర్చున్న ప్రేక్షకుడు కాదు. ఆటల్లో కూడా సిల్వానస్ కథ ఎటూ పోలేక పోలేక 2022లో అక్కడికే చేరింది. తీర్పు చెప్పే పని, ఆమె కాల్చేసిన చెట్టు తాలూకు జనానికి నాయకురాలు టిరాండేకి అప్పగించారు. చంపలేదు, వదిలెయ్యనూ లేదు. నరకంలాంటి ఆ మా అనే లోకంలోకి దిగి, అక్కడ చిక్కుకున్న ప్రతి ఆత్మనీ బయటికి తీసుకురమ్మంది. ఆమె గతం అందరికీ తెలుసు, ఆ తీర్పు చెప్పినావిడకి కూడా తెలుసు. అయినా పని పడింది.

కాబట్టి ఈసారి ఎవరైనా "పాపం, వాడి వెనక కథుంది" అంటే, తప్పకుండా వినండి. మొత్తం వినండి. విన్నాక ఒక్కటే అడగండి: "బావుంది, మరి ద్రౌపదిని అడిగావా?"